పచ్చలైట్ల అలమరా

స్టాండ్‌బై బిల్డింగు,
జనరేటర్ పక్క గది

చెల్లెమ్మా,

ఇక్కడ నేను, మీ వదిన, జనరేటరు ముగ్గురం కులాసా. జనరేటరు కాస్త దగ్గుతోంది, అంతే. నువ్వెలా ఉన్నావని అడగను. అడిగితే "బిజీ" అంటావు. ఆ మాట నీ తరఫున నేనే రాసేసుకున్నా.

నా ఫోన్ ఎత్తనని ఒట్టు పెట్టుకున్నావట. మీ వదిన చెప్పింది. ఏదో సరదాకి మీ బాసు ఇస్త్రీగారి గొంతు పెట్టి "అమ్మా, సర్వర్ గదిలో పొగలు, చీపురు పట్టుకుని పరిగెత్తు" అన్నందుకు ఇంత పెద్ద శిక్షా? పరిగెత్తావు సరే, పొగకి చీపురెందుకని ఒక్కసారి ఆగి ఆలోచించొద్దూ! కింద నుంచి మూడంతస్తులు ఎక్కి, చీపురుతో నిలబడి, ఎదురుగా ఇస్త్రీగారు. ఆ చొక్కా మీద మడత లేని మనిషి నిన్ను ఎగాదిగా చూడటం తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నొప్పే.

సరే, ఉత్తరాలే అన్నావు కాబట్టి ఉత్తరాలే. సామాన్ల వ్యాన్ వారం వారం వస్తూనే ఉంది, డ్రైవరు మామ జేబు ఖాళీగానే ఉంది. కాగితం మీద గొంతు మార్చడం కుదరదని నీ ధైర్యం. ఐదో క్లాసులో బడి గోడ దూకినవాణ్ణి, తప్పులుంటే నువ్వే దిద్దుకో. దిద్ది మార్కులు వేసి పంపకు, అంతే చాలు.

ఇక్కడ పని గురించి ఏం రాయను? నన్ను ఈ ఉద్యోగంలో కూర్చోబెట్టిన రోజున అడిగా కదా, "ఈ మెషిన్లు ఏం చేస్తాయే?" అని. "మెయిన్ ఆఫీసు పడిపోతే ఇవి లేచి నిలబడతాయి" అన్నావు. "పడేదాకా?" అన్నా. "ఎదురుచూస్తాయి" అన్నావు. భలే ఉద్యోగం. నేను ఏసీలు చూసుకుంటా, డీజిల్ చూసుకుంటా, ఎలకల్ని చూసుకుంటా. బయట ఎండ మాడ్చేస్తుంటే నేను లోపల చలికోటు వేసుకుని ఎదురుచూసేవాటి పక్కన ఎదురుచూస్తుంటా.

ఒక్క సంగతి అడగాలి. గది చివర జల్లెడ తలుపు అలమరా ఉందే, నీ ముద్దుల అలమరా. దాని లోపల పచ్చలైట్లు చిటపటా చిటపటా కొట్టుకునేవి. పేలాలు వేగుతున్నట్టు ఉండేది చూస్తే. ఎండలు మొదలైనప్పట్నుంచి కొట్టుకోవడం మానేశాయి. వెలుగుతున్నాయి గానీ, గుడ్లప్పగించి నన్నే చూస్తున్నాయి. నేనేమన్నా తప్పు చేశానా? పాటలు పాడటం మానమంటే మానేస్తా. చెప్పు.

మీ అన్నయ్య

*

మెయిన్ ఆఫీసు,
మూడో అంతస్తు

అన్నయ్యా,

చీపురు గొడవ ఇంకా చల్లారలేదు. మొన్న మీటింగులో నేను తలుపు తియ్యగానే ఎవరో "ఊడవడానికా?" అన్నారు. నువ్వు ఈ జన్మకి నాకు ఫోన్ చెయ్యకు.

లైట్ల గురించి: అవి అలాగే ఉంటాయి. నువ్వు ఆ అలమరా జోలికి వెళ్ళకు. తుడవకు కూడా.

నా పనేంటని ఎవరైనా అడిగితే "మా చెల్లెలు, అసలు లేని కంప్యూటర్లకి డాక్టరు" అని చెబుతున్నావట. వదిన ఫోన్లో నవ్వుతోంది. ఒక్కసారి సరిగ్గా చెబుతా, విను. ఇక్కడ పెద్ద మెషిన్లు కొన్ని ఉన్నాయి. వాటిని అద్దె ఇళ్ళనుకో. ఒక్కో ఇంట్లో చాలా కాపురాలు. ఆ కాపురాలే నువ్వు లేవంటున్న కంప్యూటర్లు, వర్చువల్ మెషిన్లు, ఒక్కో ఆసుపత్రికి ఒకటి. ఒక ఇల్లు కూలిందనుకో, అందులోవాళ్ళంతా టీ చల్లారేలోపు పక్కింట్లో దిగిపోతారు. అలా కట్టిన ఇళ్ళ గుంపు పేరు క్లస్టర్. బాగుందా? ఇప్పుడు అసలు కష్టం. ఇళ్ళెన్ని ఉన్నా సామాను దాచే కొట్టుగది ఒక్కటే. ఆసుపత్రుల్లో తీసిన ఎక్స్‌రేలు, స్కాన్లు, అన్నీ అందులోనే. అదే స్టోరేజీ. ముసలి మనిషికి నిరుడు తీసిన స్కాను పక్కన పెట్టుకుని ఇవాళ్టిది చూస్తేనే డాక్టరుకి గడ్డ పెరిగిందో లేదో తెలిసేది. ఆ నిరుటిది మా దగ్గరే ఉంటుంది. ఆ కొట్టుగదికి నకలు మీ అలమరా.

ఇళ్ళన్నీ ఒకదానికొకటి క్షణానికోసారి "ఉన్నా, ఉన్నా" అని చెప్పుకుంటుంటాయి. మీ బిల్డింగు కూడా మాకు "ఉన్నా" అంటూనే ఉంది. నా తెర మీద మీ పేరు ఎదురుగా పచ్చచుక్క.

ఇవాళ కొట్టుగదిలో ఇంకో డిస్కు పోయింది. మార్చాను. పాతది, ఎంతకని లాగుతుంది. పొద్దున్నుంచి కాలు కాలిన పిల్లిలా దాని చుట్టూనే తిరుగుతున్నా. కూర్చుంటే ఏదో చప్పుడైనట్టుంటుంది, లేస్తే ఏమీ ఉండదు.

వదినకి చెప్పు, అడిగానని.

నీ చెల్లి

*

స్టాండ్‌బై బిల్డింగు,
జనరేటర్ పక్క గది

డాక్టరమ్మా,

అద్దె ఇళ్ళ కథ చదివి మీ వదినకి వినిపించా. "మరి ఇల్లుగలావిడ ఎవరు?" అంది. నువ్వేనన్నా. "అయితే అద్దె పెంచమను, ఆ పిల్ల బట్టలు కొనుక్కుని ఎన్నాళ్ళయిందో" అంది.

నువ్వు తుడవకు అన్నావు కాబట్టి తుడవలేదు. కానీ ఒక మాట నా చెవిన పడింది, నిద్ర పట్టడంలేదు. డ్రైవరు మామ అన్నాడు: "ఈ బిల్డింగు ఉత్త దండగట, మూసేద్దామని మీ ఇస్త్రీగారు అంటున్నాడంట. ఎవరో తనిఖీ ఆయన వస్తున్నాడు, ఇక్కడ పని జరుగుతోందో లేదో చూడ్డానికి." "జరుగుతోందిగా, నేను లేనూ?" అన్నా. "నువ్వు జరగవు బాబూ, కూర్చునే ఉంటావు" అన్నాడు. ఈ ఊళ్ళో నాకు పోటీ ఈ మామ ఒక్కడే.

నవ్వుతాలకి రాస్తున్నా గానీ, చెల్లీ, ఈ వయసులో ఇంకో చోట నన్నెవరు పెట్టుకుంటారు? గతంలో ఎన్నిచోట్ల నుంచి గెంటించుకున్నానో నీకు తెలుసు. ప్రతిచోటా ఏదో ఒక వేళాకోళం. ఇక్కడ వేళాకోళానికి మనుషులే లేరు కాబట్టి కుదురుగా ఉన్నా. మీ వదిన ఈమధ్యే "ఇక కిటికీకి పరదాలు కుట్టుకోవచ్చా?" అని అడిగింది. అంటే ఈ ఇల్లు ఇక మారబోమని నమ్మిందన్నమాట. సగం కుట్టింది కూడా.

తనిఖీ ఆయన వస్తే ఏం చూస్తాడు? ఏం చెప్పమంటావు? నిలబడి ఎదురుచూస్తున్న మెషిన్లని చూసి "ఇవి పని చేస్తున్నాయి" అని ఎవడంటాడే?

అన్నయ్య

*

మెయిన్ ఆఫీసు

అన్నయ్యా,

తొందరలో రాస్తున్నా, వ్యాన్ కింద హారన్ కొడుతోంది.

తనిఖీ ఆయన వచ్చే వారం వస్తాడు. నువ్వేమీ చెయ్యకు. తలుపు తియ్యి, పక్కకి జరుగు. అడిగినదానికి అవును కాదు తప్ప ఇంకేం చెప్పకు. ఆయన్ని ఆ అలమరా ముందు తీరిగ్గా నిలబడనివ్వు. ఏమీ చెయ్యకు అంటే ఏమీ చెయ్యకు అనే అర్థం. నీకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చాలదని తెలుసు, అందుకే మళ్ళీ రాస్తున్నా.

పరదాలు కుట్టమను.

*

స్టాండ్‌బై బిల్డింగు,
జనరేటర్ పక్క గది

పిడుగూ!

గెలిచాం. కూర్చుని చదువు.

నువ్వు "ఏమీ చెయ్యకు" అని అన్నిసార్లు రాస్తే నాకు ఒకటే అర్థమైంది: చెల్లి భయపడుతోంది, నా కోసం. ఏదో ఒకటి చెయ్యాలి. బజార్లో దుకాణం అద్దాలకి కట్టే లైట్ల దండ కొన్నా. సన్న పచ్చబల్బులు, చిటికెన వేలి గోరంత. దానికి ఓ పాట పెట్టె కూడా ఉంది, తీగ కత్తిరించేశా. లేకపోతే మీ స్టోరేజీ పాట అందుకునేది. అలమరాని ముట్టుకోలేదులే, ఒట్టు. వెనక జల్లెడ తలుపులోంచి పుల్లతో లోపలికి నెట్టి, వరసలో సర్ది, ప్లగ్ నా స్టూలు వెనక పెట్టా. వెయ్యగానే... అబ్బ! రెండు పొట్టి, ఒకటి పొడుగు, రెండు పొట్టి, ఒకటి పొడుగు. నీ మెషిన్లు బతికున్నప్పుడు కూడా ఇంత అందంగా లేవు.

తనిఖీ ఆయన వచ్చాడు. సన్నగా, ఆయనకంటే ఆయన చేతిలో రాసుకునే అట్ట బరువుగా. అన్నీ దాటుకుంటూ తిన్నగా ఆ అలమరా దగ్గరికే వెళ్ళాడు, ఎవరో చెప్పి పంపినట్టు. వంగి చూశాడు.  "ఎప్పుడూ ఇలాగే కొట్టుకుంటాయా?" అన్నాడు. "ఆపమన్నా ఆపవు సార్" అన్నా. "చల్లగా ఉంచుతున్నావు" అని భుజం తట్టాడు. టిక్కు పెట్టుకున్నాడు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నా ఒంటి మీద ఉన్న చలికోటు తడిసిపోయింది, చెమటకి. కానీ చెల్లీ, అంత పెద్ద చదువుకున్నాయన చెవిలో పువ్వు పెట్టి పంపానంటే... మీ వదినకి కూడా చెప్పలేదు. నీకే మొదట.

మీ గొప్ప అన్నయ్య

*

మెయిన్ ఆఫీసు

అన్నయ్యా,

ఫోన్ చేద్దామని నంబరు నొక్కి కట్ చేశా. నీ గొంతు వింటే తిట్టేస్తా, తిట్టాక ఏడ్చేస్తా. అందుకని రాస్తున్నా.

నువ్వేం చేశావో నీకు తెలీదు. తెలిసేలా నేను రాయలేదు, అది నా తప్పు.

ఆ లైట్లు ఎండల్లో ఎందుకు ఆగాయో చెబుతా. ఇక్కడి నుంచి మీ అలమరాకి కాపీ వెళ్ళే పెద్ద లైను ఒకటుండేది. ఖర్చెక్కువని ఇస్త్రీగారు దాన్ని పీకించేశాడు. "కొన్నాళ్ళే" అన్నాడు. "ఉన్నా, ఉన్నా" అనే సన్నలైను ఒక్కటే మిగిలింది. కాపీ ఆగిందని ఎర్రగా చూపించే తనిఖీ ఒకటుంటుంది నా తెర మీద, దాన్ని నా చేతే ఆపించాడు. అందుకే అంతా పచ్చ. మీ బిల్డింగు బతికే ఉన్నానంటుంది, దాని ఒళ్ళో ఏముందో చెప్పదు. ఏమీ లేదు అన్నయ్యా. ఎండలు మొదలైనప్పట్నుంచి తీసిన బొమ్మ ఒక్కటీ అక్కడికి చేరలేదు. బ్యాకప్ ఉందిగా అంటావేమో. అది కూడా ఈ పాత కొట్టుగదిలోనే, పై అరలో. తలుపూ తాళమూ తాళంచెవీ అన్నీ ఒకే పెట్టెలో పెట్టి కూర్చున్నాం. ఆసుపత్రులకి మాత్రం "రెండు చోట్లా భద్రం" అని చెబుతున్నాం.

నేను అడగలేదనుకోకు. అడిగా. మళ్ళీ అడిగా. ఆ రెండోసారి ఇస్త్రీగారు నవ్వుతూ, "మీ అన్నయ్యకి అక్కడ బాగానే ఉందా? ఆ బిల్డింగుకి మనిషి కావాలా అని పైవాళ్ళు అడుగుతున్నారు, నేనే ఆపుతున్నా" అన్నాడు. అంతే, మూడోసారి అడగలేదు.

తనిఖీ ఆయన ఇక్కడికొచ్చినప్పుడు ఇస్త్రీగారు పక్కనే అంటిపెట్టుకుని ఉన్నాడు. టీ కప్పు అందిస్తూ ఒక్క ముక్క అనగలిగా: "అక్కడ స్టోరేజీ లైట్లు మెరుస్తున్నాయో లేదో చూడండి సార్." అంతే. మెరవకపోతే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెబుతా. అడిగాక చెబితే నేను చెప్పినట్టు కాదుగా, నీ మీదికి రాదుగా అనుకున్నా. అలా పిరికిదానిలా లెక్కలేసుకుని కూర్చున్నా.

ఆయన చూశాడు. మెరిశాయి.

*

స్టాండ్‌బై బిల్డింగు

చెల్లీ,

దండ తీసేశా. అలమరా మళ్ళీ గుడ్లప్పగించి చూస్తోంది.

 నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశా, ప్రతిదాన్లోనూ ఏదో జోకు వచ్చి కూర్చుంటోంది. నా కోసం నువ్వు నోరు మూసుకోవడమేమిటే? నిన్ను చిన్నప్పుడు పక్కింటివాళ్ళు ఒక మాటంటే వాళ్ళ ఇంటి ముందే నిలబడి తిరిగి పది అనేదానివి. నేను నీ వెనక దాక్కునేవాణ్ణి.

ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. నా పేరు చెప్పెయ్. లైట్లు వాడే పెట్టాడని చెప్పెయ్. నాకు గెంటించుకోవడం అలవాటే.

*

మెయిన్ ఆఫీసు

అన్నయ్యా,

పరిస్థితి ఇంకా ముదిరింది.

తనిఖీ రిపోర్టు వచ్చింది. "స్టాండ్‌బై సజీవంగా ఉంది, కాపీ నిరంతరం జరుగుతోంది." ఇస్త్రీగారు దాన్ని చదివి, నిజంగానే నమ్మేశాడు! "చూశావా, లైనువాళ్ళే మళ్ళీ కలిపినట్టున్నారు" అన్నాడు. కలపలేదు సార్ అన్నా. ఆపిన తనిఖీని మళ్ళీ నడిపి ఎర్రచుక్క చూపించా. "నువ్వు తెర మీద చూశావు. ఆయన కళ్ళతో చూశాడు. ఎవర్ని నమ్మమంటావు?" అన్నాడు. తనకి అనుకూలమైనది ఎదురొస్తే మనిషికి కళ్ళు ఎంత బాగా కనబడతాయో.

దాని మీద ఇప్పుడు కొత్త ప్లాను. ఇక్కడ పాత కొట్టుగదిని తీసేసి కొత్తది పెడతారు. గదిలో రెండింటికి చోటు లేదు. కాబట్టి ముందు ఆసుపత్రులన్నిటినీ మీ బిల్డింగు మీదికి మార్చేస్తారట. పాతదాన్ని కొత్తది అమ్మినవాళ్ళే లారీలో వేసుకుని పోతారు, చెరిపేసి, ముక్కలు చేస్తారు. తర్వాత మీ అలమరా నుంచి కొత్తదానిలోకి తిరిగి తెచ్చుకుంటారట. ఏం తెచ్చుకుంటారు? ఎండలకి ముందటి బొమ్మలు. ఎండల నుంచి ఇప్పటి దాకా ఎంతమంది రొమ్ములో, ఊపిరితిత్తుల్లో, పిల్లల తలల్లో చూసినవన్నీ ఆ లారీతో పోతాయి. మళ్ళీ తీద్దామంటే, అప్పుడెలా ఉందో ఇప్పుడు తీస్తే తెలుస్తుందా?

 పొద్దున కీబోర్డు మీద టీ ఒలకబోసుకున్నా.

సోమవారం లారీ. ఈలోపు ఇస్త్రీగారికి పైనున్న పెద్ద మేడమ్ ఊరి నుంచి రాగానే ఆవిడ దగ్గరికి వెళ్తా. నీ లైట్ల ఊసెత్తను. రిపోర్టు తప్పు అని మాత్రం చెబుతా. "ఎందుకు తప్పు?" అంటే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు. ఈసారి నిజంగా.

*

ఇల్లు

చెల్లీ,

చేసేశా.

నీ ఉత్తరం వ్యాన్‌లో చదివా, దిగకుండా అదే వ్యాన్‌లో డ్రైవరు మామని బతిమాలి తనిఖీ ఆయన ఆఫీసుకి పోయా. చేతిసంచిలో లైట్ల దండ.

అక్కడ కౌంటరు అమ్మాయి "ఏం పని?" అంది. "సార్ చూసిన సర్వర్ తెచ్చానమ్మా" అన్నా. ఏమనుకుందో ఏమో, పంపించింది. ఆయన గదిలో ఎక్కడ చూసినా కాగితాల దిబ్బలు, ఆ దిబ్బల మధ్య ఆయన. నన్ను గుర్తుపట్టి, "ఏసీ బాబు! ఏంటిలా?" అన్నాడు.

"సార్, ఒక ప్లగ్ ఇస్తారా?"

"ఫోన్ చార్జింగా?"

"కాదండీ. మీరే చూడండి."

బల్ల మీద దండ పరిచి ప్లగ్ పెట్టా. రెండు పొట్టి, ఒకటి పొడుగు. ఆయన మొదట నవ్వాడు, "బాగున్నాయి, ఎవరికి, పిల్లలకా?" అని. తర్వాత నవ్వు అలాగే పెదాల మీద ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. "ఇవి... నేనెక్కడో చూశాను" అన్నాడు.

"మా బిల్డింగులో సార్. చివరి అలమరాలో. వంగి చూశారు, భుజం కూడా తట్టారు."

నీకు తెలుసుగా, వేళాకోళం విప్పి చూపించే క్షణం కోసమే నేను బతికేది. ఎదుటివాడి మొహం అలా మారుతుంటే నాకు లోపల చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది. ఈసారి పెట్టలేదు. ఆయన పాలిపోయాడు, నేను కూడా పాలిపోయే ఉంటా. ఇద్దరం ఆ వెలిగి ఆరేవాటి వంక చూస్తూ కూర్చున్నాం. చివరికి ఆయనే లేచి స్విచ్చి ఆపాడు.

"ఎందుకు చేశావ్?"

"బిల్డింగు మూసేస్తారని విన్నానండీ. పని జరుగుతున్నట్టు కనబడితే మూయరుగా అని."

"నా సంతకంతో వాళ్ళేం చెయ్యబోతున్నారో నీకు తెలుసా?"

"తెలిసే వచ్చా సార్, మెయిన్ ఆఫీసులో ఉన్న మా చెల్లెలు రాసింది. లారీ సోమవారం."

"మీ చెల్లెలికి ఈ సంగతి తెలుసా?"

"లైట్లు పెట్టానని మీరు వెళ్ళాకే రాశా సార్. ముందే తెలిస్తే నా చెయ్యి విరిచేది. టీ ఇస్తూ ఆమె మీకేం చెప్పిందో గుర్తుందా?"

గుర్తుంది ఆయనకి. తల పట్టుకున్నాడు. "లైట్లు చూడమంది. నేను మెరుపు చూసి వచ్చేశాను, మెషిన్ తెరిచి చూళ్ళేదు" అన్నాడు. తర్వాత నా మీద అరుస్తాడనుకున్నా. అరవలేదు. ఫోన్ తీసి, పెద్ద మేడమ్ ఊళ్ళో లేకపోయినా ఎక్కడుంటే అక్కడికి కలపమన్నాడు. నా ఎదురుగానే చెప్పాడు: "నా రిపోర్టు చెల్లదు. లారీ ఆపండి. కారణం నా ముందు కూర్చుని ఉంది."

ఆ కారణం నేనే. నన్ను చాలా మాటలన్నారు గానీ, ఇలా ఎవరూ అన్లేదు.

బిల్డింగు తాళాలు ఆయనకే ఇచ్చేసి వచ్చా. మీ వదిన పరదాల గుడ్డ మడిచి పెట్టెలో పెట్టేసింది.  

నువ్వెలా ఉన్నావు? లారీ ఆగిందా? త్వరగా రాయి, ఇక్కడ గోళ్ళన్నీ కొరికేశా.

*

మెయిన్ ఆఫీసు

అన్నయ్యా,

ఆగింది.

లారీ కింద నిలబడే ఉంది, ఆసుపత్రుల్ని ఇంకా మార్చనేలేదు, మనుషులు స్క్రూలు విప్పే సామాను బయటికి తీశారు కూడా. పెద్ద మేడమ్ నేరుగా రైలు దిగి, పెట్టె చేత్తో పట్టుకునే లోపలికొచ్చి, "ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు" అంది. తర్వాత నన్ను కూర్చోబెట్టి అంతా అడిగింది. అంతా చెప్పా. ఇస్త్రీగారు అన్న మాటతో సహా. నేను ఇన్నాళ్ళు నోరు మూసుకున్నందుకు ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా వీపు మీద ఉంది. ఇస్త్రీగారిని ఇంటికి పంపేశారు. వెళ్ళేటప్పుడు చూశా, చొక్కా వెనక పెద్ద మడత.

నీ గురించి అడిగా. ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నా: "ఆయన వచ్చి చెప్పకపోతే అన్నీ పోయేవి. ఆ లైట్లు పెట్టిందీ ఆయనే. మళ్ళీ ఆ గది తాళాలు ఆయన చేతికివ్వలేను." నేను వాదించలేదు.  ఆవిడ కుర్చీలో నేనున్నా అదే అనేదాన్ని. కోపం తెచ్చుకో, పర్లేదు.

ఇప్పుడిక్కడ యుద్ధం. పెద్ద లైను మళ్ళీ రావడానికి టైం పడుతుంది, పాత కొట్టుగది అంతవరకు ఆగేలా లేదు. నిన్న ఒక డిస్కు పోయింది, దాని బదులు పెట్టింది నిండుతుండగానే ఇంకోటి మొరాయించింది. ఇంకొక్కటి పోతే అన్నీ పోయినట్టే. అందుకని విడి డిస్కుల మీదికి ఎక్కించి వ్యాన్‌లో పంపుతున్నాం. డ్రైవరు మామ వాటికి దిండ్లు కట్టి, గుంత వచ్చినప్పుడల్లా వ్యాన్ దిగి ఆ గుంతని తిట్టి మళ్ళీ ఎక్కుతున్నాడట. తెర మీద గీత పాకుతుంటే చూడలేక కారిడార్లో తిరుగుతున్నా, తిరగలేక వచ్చి చూస్తున్నా. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతున్నా.

అవతల దింపాక, నేను ఇక్కణ్ణుంచి ఒక్కో ఆసుపత్రివి కొన్ని కొన్ని తెరిచి చూస్తున్నా. ఈసారి లైట్లు చూసి వదిలెయ్యను, బొమ్మ కనబడాల్సిందే. నిన్న తెరిచినదాన్లో ఎవరో చంటిదాని మోచెయ్యి. విరిగింది, అతుక్కుంటోంది. అలా చూస్తూ కూర్చున్నా.

ఆదివారం పొద్దున ఇక్కడ అన్నీ ఆపి, మీ బిల్డింగు మీద లేపుతాం. మొత్తం భారం దాని మీదే. అది ఎప్పుడూ మొయ్యలేదు. లేస్తుందో లేదో.

నీ చెల్లి

*

స్టాండ్‌బై బిల్డింగు
గోడ బయట

చెల్లీ,

కాగితం గోడకి ఆనించి రాస్తున్నా, అక్షరాలు వంకర పోతే గోడది తప్పు.

ఇంట్లో కూర్చోలేకపోయా. లోపలికి రానివ్వరని తెలుసు, గేటు దగ్గర అడగను కూడా అడగలేదు. చుట్టూ తిరిగి వెనక సందులోకి వచ్చా. ఏసీల బయటి మెషిన్లు ఈ గోడకే బిగించి ఉంటాయి కదా. నేనున్నన్నాళ్ళూ ఇందులో రెండే తిరిగేవి. మిగతావి ఎందుకు పెట్టారా అనుకునేవాణ్ణి.

వచ్చేసరికి రెండే తిరుగుతున్నాయి. నిలబడ్డా. ఇంకాసేపు నిలబడ్డా. రెండే. లేవలేదనుకున్నా.  అక్కడ నువ్వు ఏ మొహంతో కూర్చున్నావో అనుకుంటూ తిరిగా, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, సందులో కుక్క కూడా నన్ను చూసి పక్కకి జరిగింది.

అప్పుడు మూడోది గుర్రుమంది.  అదొక్కటే లేచి ఆగిపోతుందేమో అనుకున్నా. తర్వాత నాలుగోది. ఆ తర్వాత వరసంతా, ఒకదాని వెనక ఒకటి. గోడ వణుకుతోంది చెల్లీ, అరచెయ్యి పెడితే తెలుస్తోంది. లోపల మెషిన్లు వేడెక్కుతున్నాయంటే పనిచేస్తున్నట్టే. ఆ వేడంతా జాలీల్లోంచి నా మొహానికే కొడుతోంది. అన్ని ఆసుపత్రులూ ఒక్కసారి అడుగుతున్నట్టున్నాయి, అందరికీ అది ఇస్తున్నట్టుంది.

నా స్థానంలో వచ్చిన కొత్తాయన కిటికీలోంచి చూసి, "ఎవరండీ అక్కడ? ఆ వేడిలో నిలబడ్డారేంటి, ఇవతలికి రండి" అని అరిచాడు.

"పర్లేదు, నువ్వు లోపల చల్లగా ఉంచు" అన్నా. ఇంకేదో వేళాకోళం నోటిదాకా వచ్చింది, మింగేశా. పాపం, ఆయనకి ఇవాళ చేతినిండా పని.

మీ వదిన వచ్చి పక్కన నిలబడింది. ఇక ఇంటికి పద అంటోంది. వెళ్తా. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, వరసలో ఏదన్నా ఆగుతుందేమోనని చెవి అటే వేసి ఉంచా. ఇంకా ఏదీ ఆగలేదు.

అన్నయ్య